గాలిరాజు మోచెయ్యి

డిగ్లీపూర్,
9 నవంబరు 2016

లోహిత్‌కి,

నేను బేబీరాణిని. ఏ బేబీరాణి అని ఆలోచిస్తున్నావేమో. హట్‌బేలో మీ నాన్నగారి ఫ్యాన్సీ షాపు వెనక సందులో ఉండేవాళ్లం. వేటకెళ్లే అప్పలరాముడి కూతుర్ని, పైడిబాబు అక్కని. నువ్వు నన్ను దీదీ అనేవాడివి. మనం ఒకరినొకరు చూసి పన్నెండేళ్లు కావస్తోంది.

పోయిన నెల మా స్కూల్లో బల్ల మీద పరిచిన పాత హిందీ పేపర్లో నీ ఫొటో చూశాను. పోర్ట్‌బ్లెయిర్ అబర్డీన్ బజార్లో మీ షాపు, వెనక అరల నిండా సూపర్‌హీరో బొమ్మలు, ముందు గడ్డం పెంచుకుని నువ్వు. చెన్నై నుంచీ కలకత్తా నుంచీ బొమ్మలు సేకరించేవాళ్లు ఏది అసలో ఏది నకలో చెప్పమని నిన్నే అడుగుతారట. కాలి అడుగు చూసి బొమ్మ పుట్టుక చెప్పేస్తాడని రాశారు.

అందుకే ఈ పార్సిల్. ట్రైనింగుకి పోర్ట్‌బ్లెయిర్ వస్తున్న మా టీచరు జాహ్నవి చేతికి ఇచ్చాను. ఇందులో ఒక బొమ్మ ఉంది. ఎక్కడిదో, నా దగ్గరికి ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. ముందే చెబితే నీ చూపు మారిపోతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల బొమ్మను ఎలా చూస్తావో అలాగే చూడు. ఖరీదు నాకు అక్కర్లేదు. దాని వయసెంత, అసలుదా నకలుదా, తయారైన తర్వాత ఎవరైనా దాన్ని మార్చారా, ఈ మూడూ రాసి పంపు.

ఫోను చెయ్యకు. మా ఇంటి దగ్గర సిగ్నలుండదు. కల్వర్టు దాకా వెళ్లి మాట్లాడాలి, అమ్మ నా వెంటే వస్తుంది. ఉత్తరం స్కూలు అడ్రసుకి రాయి. నేనిక్కడ చిన్నపిల్లలకి తెలుగు చెబుతాను. నీ తప్పులు దిద్దనులే, భయపడకు.

అమ్మ బాగానే ఉంది. అలవాటుగా రాసేశాను ఆ మాట. దాని సంగతి కూడా తర్వాత.

బేబీరాణి

*

పోర్ట్‌బ్లెయిర్,
24 నవంబరు 2016

బేబీరాణి దీదీకి,

మీ ఉత్తరం చూసి చాలాసేపు షాపులో పని చెయ్యలేకపోయాను. గుర్తులేకపోవడమేమిటి. మీ వాకిట్లో ఆరేసిన వలలు తొక్కినందుకు మీరు నా చెవి మెలేసింది కూడా గుర్తుంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. అమ్మా నేనూ షాపు చూసుకుంటున్నాం.

బొమ్మ చూశాను. మీరు చెప్పినట్టే, మామూలుగా ఎలా చూస్తానో అలాగే.

ముందు కళ్లు మూసుకుని అరచేతిలో బరువు చూస్తాను. ఇది తేలిక, లోపల డొల్ల. ఆరంగుళాల ఎత్తు. రెండు సగాలు అతికిన గీత చంక నుంచి మడమ దాకా తెలుస్తోంది. అసలు బొమ్మలో ఆ గీత వెతికినా దొరకదు. అడుగున కంపెనీ ముద్ర, నంబరు ఉండాలి, ఇక్కడ నున్నగా ఉంది. అసలుదానికి మోచేతులూ మోకాళ్లూ వంగుతాయి. దీనికి భుజాలు తప్ప ఏదీ కదలదు. మోచేతి దగ్గర వంగుతుందని భ్రమపెట్టేలా గీత మాత్రం గీశారు.

కాబట్టి నకలు. 2003, 2004లో దీవులకి అట్టలకు గుచ్చి డజన్లకొద్దీ వచ్చినవి. మా షాపులోనే అమ్మాం. ఉప్పునీళ్లలో నానింది. భుజం సందులో సన్నటి ఇసక ఇంకా ఉంది. బ్రష్‌తో తియ్యబోయి, మిమ్మల్ని అడక్కుండా తియ్యకూడదని ఆగాను. రొమ్ము మీద గుర్తుకి ఎర్ర రంగు ఫ్యాక్టరీది కాదు. పిల్లలెవరో పూసి ఉంటారు. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు.

పదికి ఒకటిన్నర వేస్తాను. సేకరణలో పెట్టుకునే వస్తువు కాదు.

జాహ్నవి గారు తిరుగు బస్సెక్కే ముందు వస్తానన్నారు, ఆవిడ చేతికే ఇస్తున్నాను. పైడిబాబు గురించి మేం అప్పట్లోనే విన్నాం. ఏం రాయాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు. పిన్నిని అడిగానని చెప్పండి.

లోహిత్

*

డిగ్లీపూర్,
8 డిసెంబరు 2016

లోహిత్‌కి,

అమ్మకి నీ పేరు చెప్పలేదు. ఎందుకో ఇది చదివితే తెలుస్తుంది.

సునామీ తర్వాత తొమ్మిదో రోజు. మమ్మల్ని పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక స్కూల్లో పెట్టారు. అల వచ్చిన ఆ ఆదివారం తెల్లవారక ముందే నాన్నతో పాటు తమ్ముడు కూడా పడవ దగ్గరికి వెళ్లాడు. నాన్న శవం దొరికింది. వాడు దొరకలేదు. హట్‌బేలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పిల్లల్ని అప్పటికే పూడ్చేశారు. ఆగే పరిస్థితి కాదు. ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి, ఒంటి మీద దొరికినవి మూటకట్టి మాకు చూపించడానికి తెచ్చారు.

పదిహేడో నంబరు మూటలో ఒక ఖాకీ నిక్కరు, స్కూలు పిల్లలందరికీ ఉండేదే. దాని జేబులో దొరికిందంటూ ఈ బొమ్మ.

నీకు గుర్తుండే ఉంటుంది, మా పోలిరాజు మావయ్య ఓడలో పనిచేసేటప్పుడు సింగపూర్ నుంచి తమ్ముడికి ఒక నీలం బొమ్మ తెచ్చాడు. డబ్బా మీద ఏదో ఇంగ్లీషు పేరు. అది నోరు తిరక్క వాడు దానికి గాలిరాజు అని పెట్టుకున్నాడు. మూటలో బొమ్మ కనిపించగానే గాలిరాజే అనుకున్నాను. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. చెయ్యి పట్టుకుని వంచబోయింది. అది వంగలేదు. అమ్మ మొహం ఎలా వెలిగిపోయిందో నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఇది మావోడిది కాదు బాబూ! గాలిరాజుకి సెయ్యి వొంగుద్ది. రోజల్లా టక్కుటక్కుమని వొంచతానే ఉంటాడు. ఇది సూడు, కర్రలాగుంది."

"పక్కా, అమ్మా?" అన్నాడు మూటలు చూపించే ఆయన.

"పక్కా బాబూ. మా గుంటడు బతికే ఉన్నాడు. ఏ ఓడోళ్లో ఎక్కించుకుపోయుంటారు."

ఆయన పుస్తకంలో పదిహేడుకి ఎదురుగా గీత గీసుకున్నాడు. తర్వాత ఎవరూ అడగలేదని ఆ బొమ్మ నాకే ఇచ్చేశాడు. అమ్మకి తెలియకుండా దాచాను.

అప్పట్నుంచీ అమ్మ వాడి కోసం చూస్తూనే ఉంది. వాడు పెరుగుతున్నాడు ఆవిడ లెక్కలో. పదేళ్లవాణ్ణి చూసినా ఆగేది, పదిహేనేళ్లవాణ్ణి చూసినా ఆగేది. ఇప్పుడు ఇరవై ఏళ్లవాళ్లని చూస్తోంది. సెప్టెంబరులో ఎవరో ఫెరార్‌గంజ్‌లో ఒక కుటుంబం అనాథ కుర్రాణ్ణి పెంచుకుంటోందన్నారు. నాతో చెప్పకుండా బస్సెక్కింది. రెండు రోజులు వాళ్ల పొలం గట్టు మీద వానలో కూర్చుంది. ఆ అబ్బాయి అనాథ కాడు. వాళ్లమ్మ పక్కనే నాట్లు వేస్తోంది. జ్వరంతో ఇంటికొచ్చి, "ముక్కు మనోడిదే గానీ ఆడు కాదే" అంది. ఇంకోసారి ఇలా వెళ్తే బతకదని భయంగా ఉంది.

డజన్లకొద్దీ వచ్చాయన్నావు కదా. అంటే హట్‌బేలో ఏ పిల్లాడి జేబులోనైనా ఉండొచ్చు. ఆ డజన్లలో ఇది ఎవరిదో చెప్పడానికి ఏదైనా దారి ఉందా? నా ప్రశ్న ఇదొక్కటే.

బేబీరాణి

*

పోర్ట్‌బ్లెయిర్,
19 డిసెంబరు 2016

దీదీకి,

చెప్పలేను. నకళ్లకి నంబరుండదు. ఒకే అచ్చులో పోసినవి, ఒకదానికీ ఇంకొకదానికీ తేడా పట్టడం ఎవరివల్లా కాదు. పిన్నిని మంచి డాక్టరుకి చూపించండి. ఇక్కడికి తీసుకొస్తే ఆసుపత్రికి నేను తోడు వస్తాను.

క్రిస్మస్ కదా, షాపు రద్దీగా ఉంది. ఎక్కువ రాయలేకపోతున్నాను.

లోహిత్

*

డిగ్లీపూర్,
27 డిసెంబరు 2016

లోహిత్,

నిన్న ఇరవయ్యారు. నాన్న పేరున అన్నం పెట్టాం. తమ్ముడి పేరున పెట్టనివ్వదు అమ్మ.

నీ మొదటి ఉత్తరం మళ్లీ తీశాను. పనికిరాని బొమ్మంటూనే దాని చంకలో గీత దగ్గర్నుంచీ రాశావు. ఎర్ర రంగు దగ్గరికొచ్చేసరికి చెప్పడానికి లేదన్నావు. తేడా పట్టడం ఎవరివల్లా కాదని ఇప్పుడంటున్నావు. ఆ రంగు తేడా కాదా?

నేను కూడా నీ దగ్గర ఒకటి దాచాను. పేపర్లో ఫొటో చూసి నీకు రాయడానికి కారణం నీ పేరుప్రతిష్ఠలు కావు. కింది అరలో ఎడమ చివర ఒక నీలం బొమ్మ ఉంది, చెయ్యి నడుం మీద పెట్టుకుని. మోచెయ్యి వంగి ఉంది.

అది నీకెక్కడిది?

బేబీరాణి

*

పోర్ట్‌బ్లెయిర్,
8 జనవరి 2017

దీదీకి,

అది పైడిబాబుదే. గాలిరాజు. ఈ పార్సిల్‌లో పంపుతున్నాను.

క్రిస్మస్ రోజు, శనివారం మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చాను. మీరూ పిన్నీ చేపలు ఆరబెడుతున్నారు. వాడు కుళాయి దగ్గర స్నానం చేస్తున్నాడు. గాలిరాజు అరుగు మీద, వాడి చొక్కా పక్కన. నా జేబులో మా షాపు బొమ్మ ఉంది. దాన్ని అక్కడ పెట్టి, దీన్ని జేబులో వేసుకున్నాను. తువ్వాలు చుట్టుకుని వచ్చి, "భయ్యా, ఆడుకుందాం ఆగు" అన్నాడు. అమ్మ పిలుస్తోందని చెప్పి వచ్చేశాను.

అప్పటికప్పుడు పుట్టిన బుద్ధి కాదది. మా నకళ్లకి రొమ్ము మీద గుర్తు పసుపు. గాలిరాజుది ఎరుపు. నాలుగు రోజుల ముందే మా అమ్మ గోళ్లరంగు దొంగిలించి పసుపు మీద పూశాను. ఒక అంచు దాటి మెడ మీదికి పాకింది, బ్లేడుతో గీకాను. ఆ గీకుడు ఇప్పటికీ ఉంది. మీ పార్సిల్ విప్పగానే ముందు కనిపించింది అదే. బరువూ గీతలూ అంటూ నేను రాసిందంతా దాన్ని తప్పించుకోవడానికే. డజన్లలో ఇది ఎవరిదో చెప్పడానికి దారి ఉందా అన్నారు. ఉంది. ఆ దారి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

రెండు రోజులు ఆడుకుని తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఇది నిజంగా అప్పుడు అనుకున్నానో, నిద్ర పట్టడానికి తర్వాత కల్పించుకున్నానో నాకే తెలియదు. మర్నాడు భూమి కదిలింది. నాన్న మమ్మల్ని గుట్ట మీదికి లాక్కెళ్లాడు. ఇంట్లోంచి ఎవరమూ ఏమీ తెచ్చుకోలేదు. నా నిక్కరు జేబులో ఇది ఉంది.

వాడు లేడని విన్నప్పుడు నేను ఏడవలేదు. ఇక తిరిగి ఇవ్వక్కర్లేదన్న ఆలోచన ముందు వచ్చింది. పన్నెండేళ్లవాణ్ణి. అయినా వచ్చింది.

ఆ తర్వాత బొమ్మలు కూడబెట్టాను. నకలు పట్టడంలో పేరొచ్చింది. ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేవాణ్ణి. చచ్చిపోయిన పిల్లాడి బొమ్మ దొంగిలించానని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. అదే మోయలేకపోయాను. పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని వంచబోయిందని డిసెంబరులో మీరు రాసేదాకా, నేను చేసింది ఏమిటో నాకు తెలియదు. తెలిశాక కూడా అబద్ధం రాశాను.

పదిహేడో నంబరు పైడిబాబు, దీదీ. ఇందులో అనుమానం లేదు.

క్షమించమని అడిగే మొహం లేదు. పిన్నికి మీరు చెబుతారో, నన్ను రమ్మంటారో, మీ ఇష్టం.

లోహిత్

*

డిగ్లీపూర్,
2 ఫిబ్రవరి 2017

లోహిత్,

నీ ఉత్తరం చదివి చింపాను. తర్వాత ముక్కలు ఏరుకుని అతికించాను. నిన్ను తిట్టడానికి ఏడెనిమిది కాగితాలు మొదలుపెట్టాను. ఒక్కటీ పూర్తికాలేదు. ఎందుకో చెప్పాలి.

ఆ ఆదివారం పడవ దగ్గరికి వెళ్తూ తమ్ముడు నన్ను లేపాడు. "అక్కా, గాలిరాజు సెయ్యి వొంగతం లేదే, జ్వరమొచ్చిందేమో సూడు" అన్నాడు. నేను నిద్రమత్తులో, "పోరా, ఒచ్చాక సూత్తాలే" అని అటు తిరిగి పడుకున్నాను. వాడు దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అర్థమైందా? క్యాంపులో అమ్మ ఆ బొమ్మ చెయ్యి వంచబోయి, ఇది మావోడిది కాదన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాడి బొమ్మ చెయ్యి ఆ పొద్దుట్నుంచే వంగడం లేదని నాకు తెలుసు. పద్నాలుగేళ్లదాన్ని, అన్నీ తెలిసినదాన్ని. నోరు విప్పితే వాడు చచ్చిపోతాడు. విప్పకపోతే బతికే ఉంటాడు. అమ్మ మొహంలో ఆ వెలుగు చూసి నోరు మూసుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు పన్నెండేళ్లు. నీ బొమ్మ మీద తప్పు వేస్తే నాది తగ్గుతుందని నీకు రాశాను. తగ్గలేదు.

నువ్వు వాణ్ణి చంపలేదు. వాడు నాన్నతో ఉన్నాడు, నాన్నతోనే పోయాడు. కానీ అమ్మకి వాడు చావకుండా చేశావు. ఆ పనిలో నాకూ సగం ఉంది.

పోయిన శనివారం స్కూలు నుంచి వచ్చి అమ్మకి అన్నీ చెప్పేశాను. నీది, నాది, రెండూ. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. రెండు బొమ్మలూ ముందు పెట్టాను. గాలిరాజుని తీసుకుని మోచెయ్యి ఒకసారి వంచింది. రెండోది తీసుకుని వంచలేదు, అలా పట్టుకుని కూర్చుంది.

"పదిహేడో నంబరు అన్నారు కదే" అంది.

"అవునమ్మా."

"ఆడికి పాలు కూడా పొయ్యలేదు మనం."

అంతే. తిట్టలేదు. నాకు అన్నం పెడుతోంది, నీళ్లు తోడి ఉంచుతోంది, నాతో మాత్రం మాట్లాడటం లేదు. నిన్న పొయ్యి వైపు చూస్తూ, "ఆ షాపోళ్ల అబ్బాయిని హట్‌బే రమ్మని రాయి. నువ్వు రావొద్దు" అంది.

ఎందుకు నువ్వు, ఎందుకు నేను కాదు, అడిగే ధైర్యం నాకు లేదు. మార్చి మొదటి వారం బస్సెక్కిస్తాను. జాగ్రత్తగా చూసుకో. మెట్లెక్కేటప్పుడు చెయ్యి ఇస్తే తీసుకోదు, అయినా పక్కన ఉండు.

బేబీరాణి

*

పోర్ట్‌బ్లెయిర్,
12 మార్చి 2017

దీదీకి,

పిన్నిని నిన్న డిగ్లీపూర్ బస్సెక్కించాను. ఈ ఉత్తరం అందేసరికి ఇంటికి చేరి ఉంటుంది. ఆవిడ చెప్పకపోవచ్చు కాబట్టి, జరిగింది రాస్తున్నాను.

బస్టాండులో దిగి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "శానా పొడుగెదిగినావురా" అంది. వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది. ఓడలో వెళ్లేటప్పుడు నేను తెచ్చిన ఇడ్లీలు పక్కనున్న ఒక ముసలావిడకి ఇచ్చేసింది.

హట్‌బేలో ఆ చోటు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. గవరమ్మ అని ఒకావిడ, ఆ రోజుల్లో వాళ్లాయన గుంతలు తవ్వాడట, తీసుకెళ్లి చూపించింది. నంబరు పలకలు ఎప్పుడో పోయాయి. మోకాలెత్తు గడ్డి. "ఈ చెట్టు కాణ్ణుంచి ఆ రాయి దాకా పిల్లలమ్మా. పదిహేడు ఏదో దేవుడికే తెలియాల" అంది గవరమ్మ.

పిన్ని వెంట తెచ్చిన చెంబులో పాలు ఆ చెట్టు దగ్గర మొదలుపెట్టి రాయి దాకా పోసుకుంటూ వెళ్లింది. మధ్యలో అయిపోయాయి. "మళ్లీ తే" అంది నాతో. గవరమ్మ ఇంటికి పరిగెత్తి డబ్బా పాలు కలిపి తెచ్చాను. వరస మొత్తం పోసింది. అప్పుడు కింద కూలబడి ఏడ్చింది. పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడ్చింది. దగ్గరికి వెళ్లే హక్కు నాకు లేదు. గవరమ్మ పట్టుకుంది.

రెండు బొమ్మలూ కొంగులో కట్టుకుని తెచ్చిందని అప్పటిదాకా నాకు తెలియదు. నకలు తీసి, చేత్తోనే మట్టి తవ్వి పెట్టింది. "ఆడు పోతా జేబులో ఎట్టుకున్నది ఇదే. ఇదే ఆడిది" అంది. గాలిరాజుని నాకు ఇవ్వబోయింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"వద్దు పిన్నీ. మీరే ఉంచుకోండి."

"నాకెందుకురా? నువ్వు కోరుకున్నది కదా. నీ కాడే ఉండనీ. రోజూ సూడు."

తీసుకున్నాను. శాపనార్థం పెట్టినా అంత బరువుండేది కాదు.

తిరుగు ఓడ పొద్దున్నే బయల్దేరింది. డెక్కు మీద నీడ ఉన్నచోట చాప వేశాను. దీవి కనుమరుగయ్యాక పిన్ని నా వైపు తిరిగి కూర్చుంది.

"మావోడు మీ ఇంటికొచ్చి ఏటి సేసీవోడు? నా దగ్గరున్నప్పటిది నాకు తెలుసు. మీ ఇంట్లో ఉన్నది నాకు తెల్దు. అది సెప్పు."

అందుకు రమ్మందని అప్పుడు అర్థమైంది. చెప్పాను. మా షాపు గల్లా కింద దూరి కూర్చునేవాడని. కొబ్బరి బిస్కెట్టు అంచులన్నీ కొరికి మధ్యది చివరికి దాచుకునేవాడని. ముందు పన్ను ఊడిన సందులోంచి ఓడ కూత కూసేవాడని. మా అమ్మ తల దువ్వితే కదలకుండా కూర్చునేవాడని. షాపుకొచ్చినవాళ్లకి "క్యా చాహియే?" అని నాన్న గొంతుతో అనేవాడని. చెప్పడం అయినప్పుడల్లా "ఇంకా?" అనేది. ఒకసారి నవ్వింది కూడా. నేను తలొంచుకుని ఇంకోటి వెతుక్కునేవాణ్ణి. మధ్యాహ్నానికి గుర్తున్నవి అయిపోవచ్చాయి. కళ్లు మూసుకుని తవ్వుకున్నాను. వాడు నన్ను భయ్యా అనేవాడని, అన్నా అని పిలిస్తే సరిపోదా అని నేనడిగితే, "అన్న అంటే కొడతాడు, భయ్యా అయితే కొట్టడు" అన్నాడని చెప్పాను.

జెట్టీ వచ్చింది. తాడు వేశారు. అందరూ మూటలు ఎత్తుకుని మెట్ల దగ్గర తోసుకుంటున్నారు. పిన్ని చాప మీద నుంచి కదల్లేదు.

"ఇంకా?"

ఒకటి కల్పించి చెప్పొచ్చు, దీదీ. వందలు కల్పించగలను. ఆవిడ నమ్మేది, సంతోషించేది. మీ ఇంట్లో నేను పెట్టిన నకలు ఒక్కటి చాలు.

"లేదు పిన్నీ. అంతే" అన్నాను.

"అంతేనా" అంది. చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంది.

లోహిత్